అమెరికాలో ఊరికో ఇంగ్లీషు: అలబామాలో మాటలు అర్థం కాకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: న్యూజెర్సీలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ప్రాజెక్టు మారి అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌కి వచ్చాను. మీటింగుల్లో సగం మాటలు అర్థం కావట్లేదు, టెన్షన్‌గా ఉంది. ఒకే దేశంలో ఇంత తేడా ఎందుకు? అమెరికన్ యాక్సెంట్ కోర్సులో చేరితే ఉపయోగం ఉంటుందా?

సమాధానం:

కోర్సుకు డబ్బులు కట్టకండి. అక్కడ నేర్పేది మాట్లాడడం, మీ ఇబ్బందేమో వినడంలో ఉంది. పైగా అమెరికన్ యాక్సెంట్ అని వాళ్ళు నేర్పేది టీవీ వార్తల ఇంగ్లీషు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి పెరిగిన మీ మేనేజరు ఇంట్లో అలా మాట్లాడడు.

నేను బిజినెస్ అనలిస్టుని. కాంట్రాక్టుల మీద మిల్వాకీ, పిట్స్‌బర్గ్, నాష్‌విల్, అట్లాంటా తిరిగాను. అవతలివాళ్ళు చెప్పింది విని రాసిపెట్టడమే నా పని. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి పదాలు తొందరగానే వచ్చేస్తాయి, ఏడిపించేవి అచ్చులు. 'యాల్' అంటే ఏమిటో పక్క సీటాయన్ని అడగొచ్చు. కానీ 'నాన్' అని వినబడింది తొమ్మిది అని తెలియనప్పుడు, అసలు అడగాలనే తోచదు. ఏదో విన్నామనుకుని ఇంకేదో రాసుకుని వస్తాం.

అందుకని ముందు అచ్చులు. దక్షిణాది రాష్ట్రాల్లో 'ఐ' చివరనుండే ఇకారం జారిపోయి 'ఆ' మిగులుతుంది. టైమ్ 'టామ్' అవుతుంది, ఫైవ్ 'ఫావ్', మై 'మా', నైన్ 'నాన్'. చాలామంది ఇలాంటి మాటల్లోనే అలా పలికి వైట్, నైస్ లాంటివి మామూలుగానే అంటారు. కొండల వైపు వెళ్ళేకొద్దీ అవి కూడా 'వాట్', 'నాస్' అయిపోతాయి. అప్పలాచియన్ కొండల తోక బర్మింగ్‌హామ్ దాకా వస్తుంది కాబట్టి మీకు రెండు రకాలవాళ్ళూ తగులుతారు. మనకున్న సౌకర్యం ఏమిటంటే తెలుగు లిపిలో ఈ తేడా చక్కగా రాసుకోవచ్చు. నాష్‌విల్‌లో ఉన్నప్పుడు అర్థం కాని మాటని నోట్సు అంచున విన్నది విన్నట్టు తెలుగులో రాసేవాణ్ణి. 'లాన్ ఆటమ్' అని రాసుకున్నది లైన్ ఐటమ్ అని తర్వాత తట్టేది. కొన్నాళ్ళు అలా రాస్తే చెవే సర్దుకుంటుంది.

రెండో అచ్చు ఇంకా చిక్కు తెస్తుంది. న, మ ధ్వనుల ముందు దక్షిణాదివాళ్ళకు 'ఎ', 'ఇ' ఒకటే. పెన్ కూడా 'పిన్', టెన్ 'టిన్', సెండ్ 'సిండ్', సెన్స్ కూడా 'సిన్స్'. వేరే హల్లుల ముందు ఈ గొడవ లేదు, పెట్ వేరు, పిట్ వేరు. అయోమయం వాళ్ళకీ ఉంది కాబట్టే రాసే పెన్నుని చాలామంది 'ఇంక్ పెన్' అంటారు. మన ఐటీ పనిలో ఇది దెబ్బకొట్టేది అక్షరాల దగ్గర. ఎం అన్నది 'ఇమ్' అని, ఎన్ అన్నది 'ఇన్' అని వినబడుతుంది. ఫోన్లో యూజర్ ఐడీ చెప్తుంటే 'ఎం ఫర్ మేరీనా, ఎన్ ఫర్ నాన్సీనా' అని తప్పకుండా అడగండి. వాళ్ళలో వాళ్ళు కూడా అలాగే అడుక్కుంటారు, ఇందులో నామోషీ ఏం లేదు.

నొక్కు కూడా మారుతుంది. ఇన్సూరెన్స్, పోలీస్, అంబ్రెల్లా లాంటి మాటల్లో మొదటి అక్షరాన్నే ఒత్తి పలికేవాళ్ళు అక్కడ ఎక్కువ. ఇది రెండుసార్లు వింటే పట్టుబడుతుంది.

ఇక పదాలు. 'యాల్' అంటే మీరందరూ. మనకు నువ్వు, మీరు ఉన్నట్టు ఇంగ్లీషుకి బహువచనం విడిగా లేకపోవడంతో ఒక్కో ప్రాంతం ఒక్కోటి తయారుచేసుకుంది. దక్షిణాదిలో యాల్, ఉత్తరాదిలో 'యూ గైజ్', పిట్స్‌బర్గ్‌లో 'యిన్జ్', న్యూయార్క్, ఫిలడెల్ఫియా పాతకాలపు పేటల్లో 'యూస్'. యాల్ బయటివాళ్ళు వాడినా ఎవరూ వింతగా చూడరు, మీరూ వాడుకోవచ్చు. 'ఫిక్సింగ్ టు' అంటే ఇప్పుడే చేయబోతున్నా అని. రిపేరుకీ దానికీ సంబంధం లేదు. 'ఐ యామ్ ఫిక్సిన్ టు కాల్ హిమ్' అంటే ఇదిగో ఫోన్ చేస్తున్నా అని అర్థం. బటన్ 'మ్యాష్' చెయ్ అంటే నొక్కమని. సూపర్‌మార్కెట్‌లో తోసుకెళ్ళే బండిని 'బగ్గీ' అంటారు. 'డోంట్ బి అగ్లీ' అంటే రూపం గురించి కాదు, దురుసుగా మాట్లాడొద్దని.

'మైట్ కుడ్' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దానివల్ల ప్రాజెక్టు ప్లాన్లు తారుమారవుతాయి. 'వుయ్ మైట్ కుడ్ డూ దట్ బై ఫ్రైడే' అని ఎవరైనా అంటే శుక్రవారానికి ఒప్పుకున్నట్టు రాసుకోకండి. చేయగలమేమో చూద్దాం అని మర్యాదగా చెప్తున్నారు, అంతే. రెండు సహాయక క్రియలు పక్కపక్కన పెట్టడం తప్పు ఇంగ్లీషు అని మనకు బడిలో చెప్పారు. 18వ శతాబ్దంలో ఉత్తర ఐర్లండ్ నుంచి వలస వచ్చిన స్కాచ్-ఐరిష్ జనంతో వచ్చిన వాడుక అది, ఇప్పటికీ స్కాట్లండ్‌లో కొన్నిచోట్ల వినిపిస్తుంది. దానికంటే చిత్రమైనది తూర్పు టెన్నెసీ, కెంటకీ వైపు 'ఐ డోంట్ కేర్ టు'. మనం అడిగిన సాయానికి ఆ జవాబు వస్తే కాదన్నారనుకుంటాం. అక్కడ దాని అర్థం నాకేం అభ్యంతరం లేదు, చేస్తాను అని! మీ టీములో ఆ వైపు వాళ్ళుంటే గుర్తుపెట్టుకోండి.

'బ్లెస్ యువర్ హార్ట్' గురించి ఇంటర్నెట్‌లో అతిగా భయపెట్టారు. అది ప్రతిసారీ వెటకారం కాదు. మీకు జ్వరమని చెప్పినప్పుడు పెద్దావిడ అలా అంటే నిజంగానే అయ్యో పాపం అంటోంది. మీరు లేని చోట మీ గురించి చెప్తూ అలా అంటే మాత్రం వెటకారం కావచ్చు.

సార్, మేడమ్ అనే అలవాటు న్యూజెర్సీలో ఉన్నప్పుడు కష్టపడి మానుకుని ఉంటారు. అలబామాలో మళ్ళీ మొదలుపెట్టొచ్చు. అక్కడ పిల్లలు అమ్మతో కూడా 'యెస్ మ్యామ్' అంటారు.

ఇంకో సంగతి, వయసు చూసుకోండి. జార్జియా రాష్ట్రంలోని తెల్లవాళ్ళ మాటలను తరాలవారీగా పోల్చి అక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2023లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాది యాస బేబీ బూమర్ల (రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పుట్టినవాళ్ళ) తరంలో పతాక స్థాయికి చేరి, వాళ్ళ తర్వాతి తరంలో గబగబా తగ్గిపోయిందని తేలింది. అట్లాంటాలో నేను చూస్తున్నదీ అదే. అరవై దాటిన డైరెక్టరు మాట వినడానికి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, పాతికేళ్ళ కుర్రాడి మాట దాదాపు మీరు న్యూజెర్సీలో విన్నట్టే ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లోనూ కుర్రవాళ్ళతో మీకు ఇబ్బంది తక్కువే ఉండాలి.

బర్మింగ్‌హామ్ జనాభాలో నల్లజాతివాళ్ళు సగం కంటే బాగా ఎక్కువ. వాళ్ళ ఇంగ్లీషు గురించి మనవాళ్ళు కొందరు 'గ్రామర్ రాదు' అని తేలిగ్గా మాట్లాడతారు. అది తప్పు, పైగా ఆఫీసులో ప్రమాదం. దానికి సొంత వ్యాకరణం ఉంది. 'హి వర్కింగ్' అంటే ఈ నిమిషంలో పని చేస్తున్నాడని. 'హి బి వర్కింగ్' అంటే మామూలుగా పని చేస్తూ ఉంటాడని. పుస్తకాల ఇంగ్లీషులో 'హి ఈజ్ వర్కింగ్' అన్నది ఒక్కటే ఈ తేడాని చెప్పలేదు, పక్కన ఇంకో మాట తగిలించాలి. 1979లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ బడి పిల్లల కేసులో ఫెడరల్ కోర్టు, పిల్లల ఇంటి భాషను లెక్కలోకి తీసుకునే చదవడం నేర్పాలని బడులకు చెప్పింది. 20వ శతాబ్దంలో లక్షలాది నల్లజాతి కుటుంబాలు దక్షిణాది వదిలి షికాగో, డెట్రాయిట్ లాంటి చోట్లకు వలస వెళ్ళాయి. అందుకే అక్కడి నల్లజాతి పేటల్లో ఈరోజుకీ అలబామా, మిసిసిపీ పలుకుబడి వినిపిస్తుంది.

యాసకి ఖరీదు కూడా ఉంది. జాన్ బా అనే భాషాశాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు 1999లో ప్రచురించిన పరిశోధనలో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అద్దె ఇళ్ళ యజమానులకు ఆయన ఒక్కడే మూడు యాసల్లో ఫోన్లు చేశాడు. నల్లజాతి యాసలో, మెక్సికన్ అమెరికన్ యాసలో అడిగినప్పుడు తెల్లవాళ్ళ పేటల్లో ఇల్లు చూడడానికి రమ్మన్నవాళ్ళు బాగా తగ్గిపోయారు. మనిషి ఒక్కడే, ముఖం కూడా చూడలేదు. తెలంగాణ మాటని సినిమాల్లో కమెడియన్లకీ రౌడీలకీ పెట్టిన రోజులు చూసినవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు.

ఇంత తేడా ఎందుకని అడిగారు. ప్రధానంగా ఎవరు ఏ ఓడరేవులో దిగారన్నదే. మసాచుసెట్స్‌కి ఎక్కువగా తూర్పు ఇంగ్లండ్ జనం వచ్చారు. స్కాచ్-ఐరిష్ వాళ్ళు ఎక్కువగా ఫిలడెల్ఫియా చుట్టుపక్కల దిగి, కొండ లోయల వెంట దక్షిణానికి పాకారు. అక్కడినుంచి జనం పడమరకి జరిగేకొద్దీ యాసలూ అడ్డపట్టీల్లా జరిగి, ఒకదానిలో ఒకటి కలిశాయి. అందుకే తూర్పు తీరంలో వంద మైళ్ళకి యాస మారుతుంది, పడమట వెయ్యి మైళ్ళు వెళ్ళినా పెద్ద తేడా కనబడదు. 1825లో ఈరీ కాలువ తెరిచాక న్యూయార్క్ రాష్ట్రం మీదుగా జనం గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల పొడవునా స్థిరపడ్డారు. బఫలో, క్లీవ్‌లండ్, డెట్రాయిట్, షికాగోల్లో ఒకే తరహా అచ్చులు వినిపించడానికి మూలం అక్కడుందని విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త అన్నారు.

ఈ లబోవ్ గారు 1962లో న్యూయార్క్‌లో చేసిన పని నాకు భలే ఇష్టం. అప్పటికి అక్కడ మాట చివరి 'ర్' మింగేసేవాళ్ళు చాలామంది. ఆయన ఒక ఖరీదైన దుకాణానికి, ఒక మధ్యతరగతి దుకాణానికి, ఒక చవక దుకాణానికి వెళ్ళి, నాలుగో అంతస్తులో ఉండే సరుకు ఎక్కడుందని అమ్మేవాళ్ళని అడిగాడు. జవాబు 'ఫోర్త్ ఫ్లోర్' అని రావాలి, అందులో రెండు 'ర్'లు ఉన్నాయి. వినబడనట్టు నటించి మళ్ళీ చెప్పించుకున్నాడు. ఖరీదైన చోట 'ర్' ఎక్కువ, చవక చోట బాగా తక్కువ. రెండోసారి చెప్పేటప్పుడు కొందరు జాగ్రత్తపడి 'ర్' తెచ్చిపెట్టుకున్నారు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ లాంటి పెద్దింటి మనిషి ప్రసంగాల్లో 'ఫియర్' చివర 'ర్' వినబడదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాలి తిరిగింది. మనం 'ర్'ని పూర్తిగా పలుకుతాం కాబట్టి ఈ విషయంలో అమెరికాలో చాలాచోట్ల మనకి ఏ ఇబ్బందీ లేదు. బోస్టన్‌లో పాతకాలం వాళ్ళు 'పార్క్'ని 'పాక్' అన్నప్పుడు అర్థం చేసుకోగలిగితే చాలు.

ఇవి చూసి ఉత్తరాదిలో యాస ఉండదనుకోవద్దు. అక్కడివాళ్ళు కూడా తమకి యాస లేదనే అనుకుంటారు. షికాగో, డెట్రాయిట్ చుట్టుపక్కల పెద్దవాళ్ళు 'హాట్' అంటే మనకి 'హ్యాట్'లా, 'హ్యాట్' అంటే 'హెయట్'లా వినిపిస్తుంది. ఇది కూడా కొత్త తరంలో తగ్గుతోంది. విస్కాన్సిన్, మినెసోటాల్లో బ్యాగ్ అనే మాటని 'బేగ్' అంటారు. మనం 'మేక' అని రాసి 'మ్యాక'కి దగ్గరగా పలుకుతాం కదా, వాళ్ళది దానికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం.

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి మనవాళ్ళలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు కొండ దిగి ఏదైనా పాత డైనర్‌లో కూర్చుని వినండి. డౌన్‌టౌన్ 'డాన్‌టాన్' అవుతుంది. ఇతరుల విషయాల్లో తలదూర్చేవాళ్ళు 'నెబ్బీ'. ఇల్లు సర్దడం 'రెడ్ అప్'. జారుడు రోడ్డు 'స్లిప్పీ'. మధ్యలో 'టు బి' లేకుండా 'ది కార్ నీడ్స్ వాష్డ్' అన్నది ఒహాయో, ఇండియానాల్లో కూడా వింటారు. 'ది సర్వర్ నీడ్స్ రీబూటెడ్' అని ఈమెయిల్‌లో వస్తే టైపింగ్ తప్పు అనుకుని సరిదిద్దకండి. అది వాళ్ళ వ్యాకరణం.

కూల్‌డ్రింక్ పేర్ల మ్యాపు మీరు చూసే ఉంటారు. ఈశాన్యంలో, కాలిఫోర్నియాలో సోడా, మధ్య పశ్చిమంలో పాప్, దక్షిణాదిలో ఏది తాగినా కోక్. కోకాకోలా పుట్టిల్లు అట్లాంటాయే మరి. చుట్టూ పాప్ అనే జనం ఉండగా మిల్వాకీ, సెయింట్ లూయిస్ మాత్రం సోడా అంటాయి. మిల్వాకీలో మంచినీళ్ళ కుళాయి 'బబ్లర్'. లాస్ ఏంజిలిస్‌లో రోడ్డు నంబరు ముందు 'ది' పెట్టి 'ది 405' అంటారు, అదే కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఉత్త '101'. న్యూ ఆర్లీన్స్‌లో రోడ్డు మధ్య డివైడర్ 'న్యూట్రల్ గ్రౌండ్', ఒకప్పుడు ఫ్రెంచి కుటుంబాల పేటకీ అమెరికన్ల పేటకీ మధ్య కెనాల్ స్ట్రీట్ సరిహద్దుగా ఉన్నప్పటి మాట. ఇవన్నీ సరదాగా తెలుసుకోవచ్చు, తెలియకపోయినా కొంప మునగదు.

ఊళ్ళ పేర్లు మాత్రం ముందే కనుక్కోండి. మీ రాష్ట్రంలోనే మోబిల్ అనే రేవు పట్టణం ఉంది, రాసేది మన మొబైల్ ఫోన్ స్పెల్లింగే, పలికేది 'మొబీల్'. అరబ్ అనే ఊరు 'ఏరాబ్'. బయట చూస్తే డల్లాస్ తెలుగువాళ్ళందరికీ తెలిసిన 'ప్లేనో', ఒహాయోలో 'లైమా' (పెరూ రాజధాని లిమా స్పెల్లింగే), కెంటకీలో 'వర్సేల్స్' (ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ స్పెల్లింగే). టెక్సస్‌లో 'హ్యూస్టన్', న్యూయార్క్‌లో అదే స్పెల్లింగ్ ఉన్న వీధి 'హౌస్టన్'. ఒక ఊరి పేరు ఎలా పలకాలో స్పెల్లింగ్ చెప్పదు, మూలభాష కూడా చెప్పదు. ఆ ఊరివాళ్ళే చెప్పాలి.

సాధన ఎలా అంటే, సినిమాలు వద్దు. నటులు దక్షిణాది యాసని అతిచేస్తారు. లోకల్ టీవీ యాంకర్లు యాస వదిలించుకుని వచ్చినవాళ్ళు. మీకు కావలసింది మామూలు మనుషులు మామూలుగా మాట్లాడడం. చాలా నగరాల కౌన్సిల్, కౌంటీ సమావేశాల వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి. వీధి దీపాల గురించి, చెత్త బండి గురించి పెద్దవాళ్ళు లేచి ఫిర్యాదు చేస్తుంటారు. ముందు క్యాప్షన్లు లేకుండా, తర్వాత పెట్టుకుని వినండి. క్యాప్షన్ ఎక్కడ తప్పు రాసిందో మీకు తెలుస్తోందంటే చెవి కుదురుకున్నట్టే. ఇలాంటి పదాల మీద ఇంకా ఆసక్తి ఉంటే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రాంతీయ అమెరికన్ ఇంగ్లీషు నిఘంటువు ఉంది. 1965 నుంచి 1970 వరకు వ్యాన్లు వేసుకుని 1,002 ఊళ్ళు తిరిగి మాటలు సేకరించారు. మొదటి సంపుటం 1985లో వస్తే, చివరి అక్షరానికి చేరేసరికి 2012 అయింది. అంత ఓపిక లేకపోతే న్యూయార్క్ టైమ్స్ 2013 డిసెంబరులో పెట్టిన 25 ప్రశ్నల క్విజ్ లంచ్‌లో కొలీగ్స్ చేత చేయించండి. ఎవరిది ఏ ఊరో అది చెప్తుంటే, మా అమ్మమ్మ ఇలా అనేది, మా నాన్న అలా అనేవాడు అని వాళ్ళే మొదలుపెడతారు.

మీ మాట విషయానికొస్తే, యాస మార్చుకోవద్దు. కాస్త నెమ్మదిగా మాట్లాడండి, మనం ఒకే 'వ'తో సరిపెట్టే రెండు ఇంగ్లీషు ధ్వనుల్లో (వి, డబ్ల్యూ) పెదాలు గుండ్రంగా చుట్టి పలికే డబ్ల్యూని వేరు చేయండి. చాలామటుకు సరిపోతుంది. అర్థం కానప్పుడు 'సారీ?' అని మళ్ళీ మళ్ళీ అంటే వాళ్ళు అదే మాటని గట్టిగా చెప్తారు తప్ప లాభం ఉండదు. మీకు అర్థమైంది మీరు తిరిగి చెప్పండి, 'శుక్రవారానికి తొమ్మిది ఫైళ్ళు పంపాలి, అంతేనా' అని. తప్పైతే తప్పిన చోటే సరిచేస్తారు. అంకెలు, పేర్లు, తేదీలు మీటింగ్ కాగానే ఈమెయిల్‌లో పెట్టేయండి.

ఇక బర్మింగ్‌హామ్‌లో మిమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: అలబామానా, ఆబర్నా? రాష్ట్రంలోని ఈ రెండు విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్ల గురించి. వాళ్ళ మధ్య ఏటా జరిగే ఆటని ఐరన్ బౌల్ అంటారు, మీ ఊరి ఇనుము, ఉక్కు పరిశ్రమ పేరు మీదే. ఎవరైనా వెళ్తూ వెళ్తూ 'రోల్ టాడ్' అంటే అది 'రోల్ టైడ్', అలబామా జట్టు నినాదం. ఆబర్న్ వాళ్ళది 'వార్ ఈగిల్'. ఇప్పుడే ఏ వైపూ తేల్చకండి. కొత్తగా వచ్చాను, ఇంకా నిర్ణయించుకోలేదు అనండి. రెండు వైపులవాళ్ళూ పోటీపడి మిమ్మల్ని లంచ్‌కి తీసుకెళ్ళి గంటలకొద్దీ చెప్తారు, వినే ప్రాక్టీసుకు అంతకంటే మంచి చోటు దొరకదు.